పాలు మానేశాను, నాన్న పాడికి డబ్బు అడుగుతున్నారు

ఈ వారం వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. రాసినావిడ పేరు బయటపెట్టవద్దన్నారు. ఊరి పేరు కూడా తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. సొంతూరు ప్రకాశం జిల్లాలో ఒక నల్లరేగడి పల్లె. ఇంటికి ఆరెకరాలుంది. శనగ, కంది, కొంత పొగాకు వేస్తారు. రెండు బర్రెలు, ఒక పడ్డ, పెరట్లో నాటుకోళ్లు ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ఆమె మాంసం, గుడ్లు మానేశారు. తర్వాత పాలు, పెరుగు, నెయ్యి కూడా వదిలేసి పూర్తి వీగన్ అయ్యారు. ఇంట్లో మొదట దీన్ని సిటీ సరదా అనుకున్నారు. అమ్మ అయితే సంక్రాంతికి పాకంలో నెయ్యి వేయకుండా ఆమెకు విడిగా అరిసెలు కూడా చేసిపెట్టింది.

గొడవ రెండు చోట్ల మొదలైంది. దూడ నోటి దగ్గర పాలు లాక్కోవడం దొంగతనమే అని ఆమె వాట్సాప్ స్టేటస్ పెట్టారు. మేనమామ కొడుకు దాన్ని అమ్మకు చదివి వినిపించాడు. "ఆ దొంగతనంతోనే నీ హాస్టల్ ఫీజు కట్టా" అని ఒక్కమాట అని అమ్మ ఊరుకుంది. రెండోది, అన్నయ్య కొడుకు సంగతి. నాలుగేళ్ల పిల్లాడికి పాలు, గుడ్డు ఆపేయమని ఈమె వదినకు చెప్పారు. అప్పటి నుంచి వదిన ఫోన్ ఎత్తడం లేదు.

ఇలా ఉండగా నాన్న, అన్నయ్య కలిసి ఎక్కువ పాలిచ్చే ముర్రా జాతి బర్రెలు పదింటితో డెయిరీ పెడతామంటున్నారు. బ్యాంకు లోనుకు సొంత వాటాగా కట్టాల్సిన మూడు లక్షలు ఆమెను ఇమ్మన్నారు, హామీ సంతకం కూడా పెట్టమన్నారు. "ఇవ్వకపోతే చదివించిన వాళ్లకు ద్రోహం చేసినట్టు, ఇస్తే నేను నమ్మినదానికి ద్రోహం చేసినట్టు అనిపిస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. డబ్బులు లేవని అబద్ధం చెప్పేద్దామా అనుకుంటున్నా. అసలు రైతులకు ఈ విషయం ఎందుకు అర్థం కాదు?" ఇదీ ఆమె ప్రశ్న.

మీ చివరి మాట ముందు తీసుకుంటాను. రైతులకు అర్థం కాదని మీరెందుకు అనుకున్నారు? తెల్లవారకముందే లేచి, దూడను విప్పి రెండు గుక్కలు తాగనిచ్చి, బర్రె చేపి పాలు దిగగానే దూడను లాగి గుంజకు కట్టేసేది మీ అమ్మే. దూడ అరుపు మీరు వీడియోలో విన్నారేమో, ఆవిడ రోజూ రెండు పూటలా వింటోంది. వట్టిపోయిన గొడ్డును అమ్మే రోజు చాలా ఇళ్లలో ఆడవాళ్లు వాకిట్లోకి రారు. పశువును ఇస్తారు గానీ పలుపు ఇవ్వరు, దాన్ని విప్పి ఇంట్లోనే దాచుకుంటారు. చేత్తో గింజలు వేసి పెంచిన పుంజును పండగకు కోస్తే, వేసిన మనిషి ఆ పూట కూర ముట్టకపోవడం కూడా మన పల్లెల్లో కొత్త సంగతి కాదు. మీకు కలిగిన బాధ వాళ్లకు తెలియనిది కాదు. ఆ బాధతోనే బతకడం వాళ్లకు అలవాటైంది. మీరు అలా బతకనని నిర్ణయించుకున్నారు, అది మీ హక్కు. మీకు తప్ప ఎవరికీ ఆ స్పృహ లేదన్నట్టు మాట్లాడితే మాత్రం ఎవరికైనా కోపం వస్తుంది.

తినడం గురించి రైతులందరిదీ ఒకే మాట అని కూడా అనుకోకండి. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మాంసాహారులు 98 శాతం దాకా తేలారు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటిది, ఆంధ్ర రెండోది. రెండు చోట్లా కలిపితే మూడున్నర కోట్లు దాటతాయి. ఈ లెక్కలు చూసి మనవాళ్లు మూడు పూటలా మాంసమే తింటారనుకుంటే పొరపాటు. చాలా రైతు ఇళ్లలో కూర ఆదివారమే, లేదా చుట్టాలొచ్చిన రోజు. మిగతా రోజుల్లో పప్పు, పచ్చడి, పులుసు, చివర్లో మజ్జిగ. ఆ మజ్జిగ తీసేస్తే మీ అమ్మ వారమంతా వండేది మీరు తినేదే. గొర్రెల కాపరికి మాంసమంటే తిండికన్నా ముందు బ్యాంకు ఖాతా. కూతురి పెళ్లికో ఆస్పత్రికో నాలుగు పొట్టేళ్లు తోలుకుపోతాడు. పొగాకు రైతుకు, కాపరికి, కోళ్ల ఫారం పెట్టి అప్పుల పాలైనవాడికి ఈ విషయంలో ఒకే అభిప్రాయం ఎలా ఉంటుంది?

మీ ఇంటి సంగతికి వస్తే, అసలు ముడి డబ్బు వచ్చే తీరులో ఉంది. శనగ డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది, అదీ ధర ఉంటే. దశాబ్దం కిందట మీ జిల్లాలోనే ధర లేక శనగ బస్తాలు కోల్డ్ స్టోరేజీల్లో మగ్గిపోవడం మీ నాన్న కళ్లారా చూసుంటారు. మనమంతా పప్పులు ఎక్కువ తింటే పప్పు రైతు బాగుపడతాడని వీగన్ మిత్రులు అంటుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ 2025–26లో కందికి మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు ప్రకటించారు, కంది దిగుమతికి తలుపులూ తెరిచే ఉంచారు. 2023 డిసెంబరు నుంచి చాలాకాలం పసుపు బఠాణీని సుంకం లేకుండా రానిచ్చారు. శనగకు బదులు అది వాడుకునేవాళ్లు ఉన్నప్పుడు శనగ ధర ఎలా లేస్తుంది? మీరు హైదరాబాద్‌లో కొనే పప్పు ఏ దేశపు పొలంలోదో ప్యాకెట్ మీద వెతుక్కోవాల్సిందే.

పాల బిల్లు అలా కాదు. పదిరోజులకో పదిహేను రోజులకో కేంద్రంలో వెన్న శాతం చూసి లెక్కకట్టి ఇచ్చేస్తారు. పొగాకు డబ్బు నాన్న చేతికి వస్తుంది, అప్పులకు పోతుంది. పాల డబ్బు చాలా ఇళ్లలో అమ్మ చేతికి వస్తుంది. చీటీ, మందులు, పుస్తకాలు, మీ హాస్టల్ ఫీజు, అన్నీ అందులోంచే. రైతు ఇంట్లో ఆడమనిషి ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టగలిగే డబ్బు దాదాపు అదొక్కటే. మీ స్టేటస్‌లో మీరు తిట్టింది పాల పరిశ్రమను కావచ్చు. ఆవిడకు వినిపించింది మాత్రం తన జీవితంలో తనదంటూ ఉన్న ఒక్క సంపాదనను కూతురు దొంగసొమ్ము అందని.

పొలం వైపు నుంచి చూసినా మీ నాన్న దగ్గర ఒక వాదన ఉంటుంది, ఆయన నోరు తెరిచి చెప్పకపోయినా. శనగ పొట్టు, కంది పొట్టు, జొన్న చొప్ప మనుషులు తినేవి కావు. బర్రె తింటుంది, పేడ పొలానికి పోతుంది. వేసవిలో ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద పెట్టించుకోవడానికి కాపరికి డబ్బో ధాన్యమో ఇచ్చే రైతులు ఇప్పటికీ ఉన్నారు. ఆంధ్రాలో 2016 నుంచి ప్రభుత్వమే నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో నేలకు వేసే జీవామృతం అనే ద్రావణానికి కావాల్సింది పేడ, మూత్రం. మందు కొట్టిన మిరప తోటలో ఎన్ని పురుగులు చస్తాయో, వరిలో ఎలుకలకు ఏం పెడతారో ఆయనకు తెలుసు. "ఏ ముద్ద ఏ ప్రాణమూ పోకుండా వచ్చిందో చూపించు" అని అడిగితే మీ దగ్గర ఉన్న జవాబు "తక్కువ ప్రాణాలు పోతాయి" అనే. అది మంచి జవాబే, నేను కాదనను. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి పశువు లేకుండా భూమిని బాగుచేసుకున్న రైతులు కూడా ఉన్నారు. కానీ అది వర్షం మీద, నీటి వసతి మీద ఆధారపడిన పని, ప్రతి నల్లరేగడి ఎకరంలో కుదరదు.

ఇంకో సంగతి చెప్పకుండా దాటేస్తే ఈ సమాధానం సగమే అవుతుంది. మన ఊళ్లలో "మాంసం తినడం తప్పు" అన్న మాటకు పాత చరిత్ర ఉంది. ఆ మాట అన్నవాళ్లు ఎక్కువగా పై కులాలవాళ్లు, అనిపించుకున్నవాళ్లు పొలంలో పనిచేసినవాళ్లు. అన్నవాళ్ల ఇంట్లో పాలు, నెయ్యి పుష్కలంగా ఉండేవి. మీ వాదన వేరు. మీరు కులం కోసం మానలేదు, జంతువు కోసం మానేశారు, పాలు కూడా వదిలేశారు. అయినా వినే చెవులకు పాత గొంతే వినిపిస్తుంది. మీ వాదనలో తప్పు లేకపోయినా ఇంట్లో వాళ్లు మొరాయించడానికి సగం కారణం ఇదే కావచ్చు.

మీవైపు నిజం లేదని కాదు. పాడిలో మగదూడల గతి ఏమిటో పాడి రైతులందరికీ తెలుసు. మగదూడకు పాలు తక్కువ వదులుతారు, చాలా దూడలు చిన్నప్పుడే పోతాయి, పెరిగినవి కోతకు వెళ్తాయి. బర్రె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలో ముందు వరసలో ఉంది, దాని వెనుక ఉన్నది పాడి. పాలు తాగుతూ మాంసం ముట్టని శాకాహారులు ఈ లెక్క దగ్గరికి రారు, మీరు వచ్చారు. మనం తినలేని గడ్డిని పశువు పాలుగా మారుస్తుందన్నది ఎంత నిజమో, గడ్డి నెమరేసే పశువు మీథేన్ వదులుతుందన్నదీ అంతే నిజం. ఇవేవీ మింగేయాల్సిన పని లేదు. ఎవరి ముందు, ఏ గొంతుతో చెబుతున్నారన్నదే చిక్కు.

పిల్లాడి విషయంలో మాత్రం నాకు రెండో అభిప్రాయం లేదు. నాలుగేళ్లవాడి తిండి వాళ్ల అమ్మానాన్నల ఇష్టం. పాలు, గుడ్డు లేకుండా పిల్లలను ఆరోగ్యంగా పెంచడం అసాధ్యమేమీ కాదు. కానీ బి12, ఇనుము, కాల్షియం, ప్రొటీన్ లెక్క చూసుకుంటూ, డాక్టరు సలహాతో మందులు ఇస్తూ చేయాలి. ఆ శ్రమంతా ఎవరిది? మీ వదినది. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్డు, పాలు ఇస్తున్నది వాటికి బదులు ఏంపెట్టాలో చాలా ఇళ్లకు తెలియదు, తెలిసినా కొనే స్తోమత ఉండదు కాబట్టే. ముందు ఫోన్ చేయాల్సింది ఆవిడకే. వాదన ఏమీ ఎత్తకుండా "నీ బిడ్డ విషయంలో నేను మాట్లాడి ఉండాల్సింది కాదు" అంటే చాలు. ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. స్టేటస్ పెట్టకండి.

ఇక డబ్బు. ముందు మీరు ఒకటి గమనించాలి. రెండు బర్రెల ఇల్లు వేరు, పది బర్రెల డెయిరీ వేరు. రెండింటిని పొట్టుతో, గట్ల మీది గడ్డితో నెట్టుకురావచ్చు. పదింటికి రోజుకు 250 నుంచి 300 కిలోల పచ్చిమేత కావాలి. నీళ్లున్న ఎకరంలో నేపియర్ గడ్డి వేస్తే నాలుగైదు బర్రెలకు సరిపోతుంది. అంటే రెండెకరాలకు ఏడాది పొడవునా నీళ్లుండాలి. శనగ పండే మీ పొలంలో బోరు ఉందా? లేకపోతే మేత, దాణా కొనాల్సిందే. బర్రె ఒకసారి ఈనాక మళ్లీ ఈనడానికి పద్నాలుగు, పదహారు నెలలు పడుతుంది. పదింటిలో ఎప్పుడూ రెండు మూడు వట్టిపోయి ఉంటాయి, వాటికీ మేత వేయాలి. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన ముర్రా మన ఎండకు అలవాటుపడేలోగా పాలు తగ్గించేయవచ్చు, ఒకటి చచ్చిపోతే లక్షకు పైగా పోతుంది. బీమా ఉంటే వేరు. అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, పిండేది ఎవరు? మీ ఉత్తరంలో ఒక మూల "అమ్మకు మోకాళ్ల నొప్పులు" అని రాశారు. పనివాళ్లను పెడతామంటున్నారా, లేక అమ్మ ఉందిగా అనుకుంటున్నారా?

ఈ ప్రశ్నలు అడగడానికి వీగన్ అయి ఉండనక్కర్లేదు, బాధ్యత ఉన్న కూతురు అయితే చాలు. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. మనసులో జంతువుల బాధ పెట్టుకుని పైకి లాభనష్టాల లెక్క చెప్పినట్టు నటించకండి, మీ నాన్న పట్టేస్తారు. రెండూ ఉన్నాయని ముందే చెప్పేయండి. "నాకు ఈ పని ఇష్టం లేదు, దాని కారణం మీకు తెలుసు. దాన్ని పక్కన పెట్టి చూసినా నాకు ఈ లెక్క మీద అనుమానాలున్నాయి" అనండి.

డబ్బు లేదని అబద్ధమాడితే ఏమవుతుంది? ఒకటి రెండు నెలలు గడుస్తాయి. మీ జీతమెంతో ఇంట్లో తెలుసు. రేపు మీరు ఫ్లాటుకో కారుకో అడ్వాన్స్ కడితే ఆ అబద్ధం బయటపడుతుంది. అప్పుడు గొడవ పాల గురించి ఉండదు, మీ గురించి ఉంటుంది. నిజం చెప్పి ఇవ్వనంటే? గట్టి మాటే, కొన్నాళ్లు ఇంట్లో చలి ఉంటుంది. కానీ ఒకటి ఆలోచించుకోండి. మీరు ఇవ్వనంత మాత్రాన డెయిరీ ఆగుతుందని లేదు. రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో తెస్తారు, అంటే ఏడాదికి 24 శాతం. ఆ వడ్డీ తీర్చడానికి బర్రెను ఇంకాస్త పిండుతారు, అమ్మ ఇంకాస్త తొందరగా లేస్తుంది. మీ చేయి శుభ్రంగా ఉంటుంది, పశువుకు మాత్రం ఒరిగేదేమీ లేదు. అలా అని ఇవ్వడమే సరైనదని అనను. నమ్మకం విషయంలో కొందరికి చేయి శుభ్రంగా ఉండటమే ముఖ్యం, దాన్ని తక్కువ చేయలేం.

వేరే పనికి ఇస్తానని చెప్పవచ్చు. బోరుకు, బిందు సేద్యానికి, శనగను ధర వచ్చేదాకా నిల్వ చేసుకోవడానికి, పప్పు మరపట్టే చిన్న మిల్లుకు. వినడానికి ఇది అందరికీ నచ్చే దారిలా ఉంటుంది గానీ, "నా డబ్బు, నా షరతులు" అన్నట్టు వినిపించే ప్రమాదమూ ఉంది. ఈ ఆలోచన మీ అన్నయ్య నోట వస్తేనే నిలబడుతుంది. ఊళ్లో ఉండి చేసేది ఆయనే కాబట్టి, ఆయనకు పశువుల మీద మక్కువ ఉందా, లేక శనగ మీద విసిగిపోయి ఏదో ఒకటి చేయాలనుకుంటున్నారా కనుక్కోండి. రెండోదైతే మాట్లాడుకోవడానికి చోటుంది.

అసలు పెట్టాలనే గట్టిగా ఉంటే పదికి బదులు మూడు నాలుగుతో మొదలుపెట్టమని అడగవచ్చు. మేత, దాణా ఖర్చులకు కిసాన్ క్రెడిట్ కార్డు పశుపోషణకూ వర్తిస్తుంది, 2025 జనవరి నుంచి హామీ లేకుండా రెండు లక్షల దాకా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఎక్కువగా ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం ముర్రాల్లో కూడా దొరుకుతోంది, పదింటిలో తొమ్మిది దాకా పెయ్యలే పుడతాయి. పశువైద్యశాలలో అడిగితే చెబుతారు. మగదూడల బాధ దానితో పూర్తిగా పోదు, తగ్గుతుంది. వీగన్‌గా మీకు ఇది రాజీ అనిపించవచ్చు. మీ ఇంటి కొట్టంలో మీ మాట వల్ల ఏదైనా మారే అవకాశం ఉన్నది మాత్రం ఇక్కడే.

ఇంకొకటి ఉంది, నా మొగ్గు కూడా అటే. డెయిరీకి అని కాకుండా, మీకు ఇవ్వగలిగినంత అమ్మ పేరున ఇవ్వడం. మూడు లక్షలే కానక్కర్లేదు. దాంతో ఏం చేస్తుందో అడగకండి. బర్రె కొనవచ్చు, మోకాళ్లకు వైద్యం చేయించుకోవచ్చు, చీటీలో వేసుకోవచ్చు. బర్రే కొంటే మీకు గుచ్చుకుంటుంది, ఆ సంగతి ఇచ్చేముందే ఆలోచించుకోండి. ఇచ్చాక లెక్క అడిగేటట్టయితే ఇవ్వకపోవడమే మేలు.

అమ్మతో మాట్లాడటానికి చర్చలా కూర్చోకండి. నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లండి, ఆవిడ పనిలో ఉన్నప్పుడు పక్కన ఉండండి. పాలు తాగనక్కర్లేదు, పేడ ఎత్తడానికి మీ సిద్ధాంతం అడ్డు రాదు కదా. ఆ స్టేటస్ మాట ఎత్తి, "దొంగతనం అన్నది నిన్ను కాదు, కానీ నీకు అలా వినపడేలా రాశాను" అని చెప్పండి. మీరు నమ్మింది వెనక్కి తీసుకోవాల్సిన అవసరం ఇందులో లేదు. ఆవిడ మనసులో మీ ఆరోగ్యం గురించి భయం కూడా ఉంటుంది, పైకి చెప్పకపోయినా. వెళ్లేముందు బి12 పరీక్ష చేయించుకోండి. మొక్కల తిండిలో అది నమ్ముకునేంత ఉండదు. మాత్రో, బి12 కలిపిన ఆహారమో వీగన్లకు తప్పనిసరి. ఏళ్లతరబడి తగ్గితే రక్తహీనతతో పాటు నరాలు దెబ్బతింటాయి, తిమ్మిర్లు మొదలవుతాయి. రిపోర్టు బాగుంటే అమ్మకు చూపించండి, బాగోకపోతే మాత్రలు మొదలుపెట్టి ఆ మాటే చెప్పండి.

హామీ సంతకాన్ని మాత్రం పై మాటలతో కలపకండి. మూడు లక్షలు ఇస్తే పోయేది మూడు లక్షలే. హామీదారుగా సంతకం పెడితే అసలు అప్పు తీసుకున్నవాళ్లతో సమానంగా మీదీ బాధ్యత. కిస్తీలు ఆగిపోతే బ్యాంకు నేరుగా మీ దగ్గరికే రావచ్చు, రేపు మీ సొంత లోను కూడా ఇరుక్కుంటుంది. డబ్బు ఇవ్వాలని నిర్ణయించుకున్నా సరే, మొత్తం లోను ఎంత, ఏది తాకట్టు పెడుతున్నారు, బీమా ఎవరి పేరున అన్న కాగితాలు తెప్పించుకుని, తెలిసిన బ్యాంకు ఉద్యోగికి చూపించి, ఆ తర్వాతే ఆ సంతకం సంగతి తేల్చండి.